‘లాగా’, ‘అట్లు’ ఉంటే అది ఉపమేనా?

నమస్కారమండీ. ‘చార్మినార్ నాలుగు చేతులెత్తి ఆకాశాన్ని మోస్తున్నట్లుంది’ అన్న వాక్యానికి మీరు ఉపమ (పోలిక చెప్పే అలంకారం) అని రాస్తే మాస్టారు ఉత్ప్రేక్ష (ఊహ చెప్పే అలంకారం) అని దిద్దారని, కారణం చెప్పమని అడిగారు. ఆ దిద్దుబాటు సరైనదే.

‘హుస్సేన్ సాగర్ నీరు అద్దంలా నిశ్చలంగా ఉంది’ అన్నప్పుడు నీరు ఉపమేయం (మనం పోల్చే వస్తువు), అద్దం ఉపమానం (దేనితో పోలుస్తామో ఆ వస్తువు), నిశ్చలత్వం సమానధర్మం, ‘లా’ ఉపమావాచకం. నాలుగూ ఉన్నాయి కనుక ఇది పూర్ణోపమ. మీ వాక్యంలో చార్మినార్‌ను పోల్చడానికి మరో వస్తువే లేదు. కట్టడానికి లేని పనిని దానికి అంటగట్టి, అది నిజంగా జరుగుతోందేమో అనిపించేలా కవి ఊహిస్తున్నాడు. ఆ ఊహే ఉత్ప్రేక్షకు ప్రాణం.

ఈ చిక్కు పాతదే. చీకటి ఒంటికి పూత పూస్తున్నట్లుంది, ఆకాశం కాటుక కురుస్తున్నట్లుంది అనే భావంగల ప్రసిద్ధ సంస్కృత శ్లోకాన్ని తీసుకుని సంస్కృత ఆలంకారికుడు దండి తన ‘కావ్యాదర్శం’లో దీన్ని సుదీర్ఘంగా చర్చించాడు. క్రియ ఉపమానం కాజాలదని, ‘ఇవ’ (వలె) శబ్దం ఉత్ప్రేక్షను కూడా సూచిస్తుందని ఆయన తేల్చాడు. ఉపమావాచకాన్ని చూసి అలంకారాన్ని నిర్ణయించమనే గైడు పుస్తకాల అడ్డదారి విద్యార్థులను ముంచేది సరిగ్గా ఇక్కడే.

కాబట్టి ‘అట్లు’ క్రియకు అంటుకుని ఉంటే ముందు ఉత్ప్రేక్షనే అనుమానించండి. తర్వాత ‘మోస్తోంది కాబోలు’ అని మార్చి చదివి, భావం చెడకపోతే ధైర్యంగా ఉత్ప్రేక్ష అని రాయండి.