ఆ ప్యాలెస్ ఏమైంది?

ప్రశ్న: మాస్కో 'సోవియట్ల ప్యాలెస్' బొమ్మ ఒకటి చూశాను, పైన లెనిన్ విగ్రహం ఉంది. అది ఇప్పుడూ ఉందాండీ? ఎవరు కట్టారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: లేదండీ, సోవియట్ ప్రభుత్వ సభల కోసం తలపెట్టిన ఆ భవనం అసలు పూర్తే కాలేదు. ప్రధాన రూపశిల్పి బోరిస్ ఇయోఫాన్, ఒడెస్సాలో పుట్టి రోమ్‌లో చదువుకుని 1924లో వెనక్కొచ్చినవాడు. 1931లో పేల్చేసిన పెద్ద చర్చి స్థలంలో 415 మీటర్ల భవనం, నెత్తిన 100 మీటర్ల లెనిన్ (నా కంటికైతే అచ్చం పెళ్లి కేకే!). ఉక్కు చట్రం లేస్తుండగా 1941లో యుద్ధం వచ్చిపడింది, ఆ ఉక్కంతా రక్షణ అవసరాలకి ఊడదీసుకుపోయారు. తర్వాత అక్కడ స్విమ్మింగ్ పూల్ కట్టారు, ఇప్పుడు మళ్లీ చర్చే ఉంది. మాస్కో యూనివర్సిటీ డిజైన్ కూడా మొదట ఇయోఫాన్‌దే, 1948లో ఆయన్ని తప్పించి రుద్నెవ్ అనే మరో రూపశిల్పికి ఇచ్చారు. నది ఒడ్డున ఆయన కట్టిన భారీ అపార్ట్‌మెంట్లు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.