జీఐ కాయిల్ కొనేటప్పుడు అడగాల్సింది మైక్రాన్లు

జింకు పూత వేసిన ఉక్కు కాయిళ్ల (చుట్టగా చుట్టిన రేకుల) మీద పాఠకులు పంపిన ప్రశ్నల్లో ఒకే రకం వాటిని కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం. అందరి నోటా ఉన్న 'జీఐ' అన్న మాటనే వాడుతున్నాం. అది 'గాల్వనైజ్డ్ ఐరన్' అన్న పాత పేరుకు పొట్టిరూపం. పూత కింద ఇప్పుడు ఉండేది ఇనుము కాదు, ఉక్కు.

ప్రశ్న: రేకు మీద జింకు పువ్వులు పెద్దవిగా ఉంటే మంచి సరుకనీ, పువ్వుల్లేని సాదా రేకు నాసిరకమనీ మా వర్క్‌షాపులో అంటారు. నిజమేనా?

జవాబు: కాదండీ. పువ్వంటే జింకు గడ్డకట్టేటప్పుడు పెరిగే స్ఫటికం, అంతకు మించి ఏమీ లేదు. శుభ్రం చేసి, హైడ్రోజన్, నైట్రోజన్ నింపిన కొలిమిలో వేడిచేసిన ఉక్కు పట్టీ సుమారు 460 డిగ్రీల వేడిలో కరిగి ఉన్న జింకు తొట్టిలో మునిగి, నిటారుగా పైకి లేస్తుంది. తొట్టి దాటగానే 'ఎయిర్ నైఫ్' అనే సన్నటి గాలి ధార అదనపు జింకును కిందికి తోసేస్తుంది. పూత ఎంత ఉండాలో తేలిపోయేది అక్కడే. గాలి ఒత్తిడి, పట్టీ వేగం, నాజిల్‌కీ పట్టీకీ మధ్య దూరం, ఈ మూడే దాన్ని నిర్ణయిస్తాయి. పువ్వు పరిమాణం తేలేది ఆ తర్వాత, చల్లారేటప్పుడు. జింకులో కాస్త సీసమో యాంటిమనీయో ఉంటే పువ్వు పెద్దదవుతుంది. సీసం హానికరమని దాన్ని తగ్గించేశాక పువ్వులూ చిన్నబోయాయి. కారు బాడీలకు, రంగు వేసే రేకులకు అయితే పువ్వు కనబడకుండా కావాలనే అణిచేస్తారు. లేకపోతే రంగు కిందినుంచి దాని గీతలు తేలతాయి. పువ్వుని చూసి పూత ఎంతో చెప్పడం ఎవరి తరమూ కాదు.

ప్రశ్న: సర్టిఫికెట్ మీద 'జెడ్ 275' అని ఉంది. అంటే ఒక్కో వైపు 275 గ్రాములా? ఎన్నేళ్లు ఆగుతుంది? నిజంగా అంత పూత ఉందో లేదో మేమే చూసుకోగలమా?

జవాబు: రెండు వైపులా కలిపి చదరపు మీటరుకు 275 గ్రాములు. ఎక్కువ మంది మోసపోయేది ఇక్కడే, అందుకే కాస్త విడమరచి చెబుతాం. ఒక చదరపు మీటరు మీద ఒక మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం జింకు 7.14 గ్రాములు తూగుతుంది. 275లో సగం 137.5. దాన్ని 7.14తో భాగిస్తే ఒక్కో వైపు 19 మైక్రాన్ల పైచిలుకు. జెడ్ 120 అయితే ఎనిమిదిన్నరకు కాస్త తక్కువ. అమెరికా ప్రమాణాల్లో 'జీ 90' అని రాసేది మన జెడ్ 275కి సమానమే.

ఆయుష్షు విషయానికొస్తే, జింకు తానరిగిపోతూ ఉక్కును కాపాడుతుంది. కాబట్టి ఎన్ని మైక్రాన్లున్నాయి, ఏడాదికెన్ని పోతాయి అన్నదే లెక్క. ఐఎస్ఓ 9223 ప్రమాణం వాతావరణాన్ని తరగతులుగా విడగొట్టింది. సీ2లో, అంటే కాలుష్యం తక్కువ ఉన్నచోట, మొదటి ఏడాది 0.1 నుంచి 0.7 మైక్రాన్ పోతుంది. సీ3లో, అంటే కాలుష్యం మధ్యస్థంగా ఉన్నచోట, 0.7 నుంచి 2.1. ఉప్పుగాలో, పరిశ్రమల పొగో గట్టిగా తగిలే సీ5లో 4.2 నుంచి 8.4. ఈ లెక్కన అదే 19 మైక్రాన్లు సీ3లో తొమ్మిదేళ్ల నుంచి పాతికేళ్ల పైదాకా లాగుతాయి, సీ5లో నాలుగేళ్లు దాటడమే కష్టం. 'ఇరవై ఏళ్ల గ్యారంటీ' అని ఎవరైనా అంటే, ఏ గాలిలో అని అడగండి.

తనిఖీ మీరే చేసుకోవచ్చు. పట్టీ వెడల్పులో రెండు అంచుల దగ్గర (అంచు నుంచి 50 మిల్లీమీటర్లు లోపలికి) ఒక్కోటి, నడిమధ్యన ఒకటి, మొత్తం మూడు ముక్కలు కోయండి. ఒక్కోటీ 5,000 చదరపు మిల్లీమీటర్లు ఉంటే లెక్క తేలిక. నూనె తుడిచి, 0.01 గ్రాము దాకా చూపే త్రాసులో తూచండి. నిరోధకం కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేయండి. నిరోధకంగా హెక్సామిథిలీన్ టెట్రామిన్ వాడతారు, అది లేకపోతే ఆమ్లం ఉక్కును కూడా తినేసి లెక్క తప్పుతుంది. బుడగలు ఆగగానే తీసి, కడిగి, ఆరబెట్టి మళ్లీ తూచండి. తేడా 1.375 గ్రాములుంటే అది సరిగ్గా 275. జెడ్ 275కి మూడు ముక్కల సగటు 275కి తగ్గకూడదు, ఏ ఒక్క ముక్కా 235కి తగ్గకూడదు. బుడగలంటే హైడ్రోజన్ కాబట్టి దగ్గర్లో నిప్పు ఉండకూడదు. చేతికి గ్లవ్స్, కంటికి అద్దాలు తప్పనిసరి. అయస్కాంత మైక్రాన్ మీటరు రోజువారీ చూసుకోవడానికి బాగుంటుంది, కానీ ఒక్కచోట పెట్టి చదివిన అంకె మీద గొడవకు దిగకండి. పది పదిహేను చోట్ల పెట్టి సగటు తీయాలి.

ప్రశ్న: 0.50 మిల్లీమీటర్ల కాయిల్ తెప్పించాం, మైక్రోమీటరూ అంతే చూపించింది. అయినా మా డిజైన్ ఇంజినీరు రేకు పలచన అంటున్నారు. పైగా అదే '26 గేజు' అని కొందరు, కాదని కొందరు.

జవాబు: మైక్రోమీటరు పూతను కూడా కలిపి చూపిస్తుంది. జెడ్ 275 పూత రెండు వైపులా కలిపి దాదాపు 0.04 మిల్లీమీటరు. కింద మిగిలిన ఉక్కు 0.46. బరువు మోసేది ఆ ఉక్కే కనుక మీ ఇంజినీరు మాట సబబే, ఎనిమిది శాతం తేడా ఉంది. ఆర్డరులో 'పూతతో కలిపి మందం' అనో, 'ఉక్కు మందం' అనో రాసి తీరాలి.

గేజు మాట మర్చిపోవడం మేలు. అమెరికా పట్టికలో 26 గేజు మామూలు ఉక్కు రేకు 0.455 మిల్లీమీటరు, అదే 26 గేజు జీఐ రేకు 0.551. అంకె ఒకటే, రేకు వేరు.

బరువు నుంచి పొడవు తెలియాలంటే మందాన్ని మిల్లీమీటర్లలో, వెడల్పును మీటర్లలో తీసుకుని, రెండింటినీ గుణించి, వచ్చినదాన్ని 7.85తో గుణించండి. వచ్చేది మీటరుకు కిలోలు. 0.50 మందం, 1.22 వెడల్పు అంటే 4.79 కిలోలు, అయిదు టన్నుల కాయిల్లో సుమారు 1,044 మీటర్లు. జింకు ఉక్కు కంటే తేలిక కాబట్టి ఒక శాతం లోపు తేడా వస్తుంది, దాన్ని పట్టించుకోనక్కర్లేదు.

ప్రశ్న: గోదాములోనే ఉన్న కాయిల్ విప్పితే లోపలి చుట్లలో తెల్లటి పొడి. వాన పడలేదు, నీళ్లు తగల్లేదు. ఏమైనట్టు?

జవాబు: అది తెల్ల తుప్పు. నీళ్లు పైనుంచే రానక్కర్లేదు. చల్లగా ఉన్న కాయిల్‌ని వెచ్చటి, తేమ గాలి ఉన్న షెడ్డులోకి తెచ్చి వెంటనే చుట్టు విప్పితే చల్లటి గ్లాసుకి చెమట పట్టినట్టే పడుతుంది. ఆ తేమ రెండు చుట్ల మధ్య సందులోకి పాకి, ఇక బయటికి రాదు. ఆరుబయట గాలి ఆడే రేకు మీదైతే జింకు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి కార్బొనేట్ పొర కట్టి స్థిరపడుతుంది. చుట్ల మధ్య ఆ గాలి అందదు. అందుకే జింకు హైడ్రాక్సైడ్‌గా మారి పొడిపొడిగా రాలుతూ ఉంటుంది. అంటే ఎండావానా తిని ఏళ్లు నిలిచే రేకు, గోదాములో వారాల్లో పాడవుతుందన్నమాట!

కాయిల్ వచ్చాక ప్యాకింగ్ విప్పకుండా షెడ్డు వేడికి సమం అయ్యేదాకా వదిలేయండి. టన్నుల బరువు కాబట్టి ఒకరోజు పైనే పట్టొచ్చు. నేల మీద పెట్టకుండా ఎండిన దిమ్మెల మీద పెట్టండి. పచ్చి కర్ర వద్దు, అందులోని తేమా ఆమ్లాలూ అచ్చు గుద్దినట్టు మరక వేస్తాయి. ఆరుబయట టార్పాలిన్ కప్పడం అన్నిటికంటే చెడ్డ పని, కింద ఆవిరి పట్టి రోజంతా ఊరుతుంది. తలుపు పక్కన పెట్టినా ఇదే గోల. మిల్లులో పూసే క్రోమియం పాసివేషన్ (జింకు మీద వేసే పలచటి రక్షణ పొర), నూనె కొంత గడువు ఇస్తాయి తప్ప తడిసిన కాయిల్‌ని కాపాడలేవు. తడిసిందని తెలిస్తే ఆ రోజే విప్పి, ఆరబెట్టి, ముందుగా దాన్నే వాడేయండి.

వచ్చేసిన మరక తెలుపే అయితే నైలాన్ బ్రష్‌తో పొడిగా రుద్దండి. ఇనుప బ్రష్ ముట్టుకోకండి. ఆ పొడి ఉబ్బెత్తుగా ఉంటుంది కాబట్టి నష్టం ఉన్నదానికంటే ఎక్కువగా కనబడుతుంది. రుద్దాక మైక్రాన్ మీటరు పెట్టి చూడండి. నలుపు తిరిగితే చాలా చోట్ల కొలిచి నిర్ణయించాలి. ఎర్ర చుక్క కనబడిందంటే జింకు అయిపోయింది, ఆ చుట్లు పక్కన పెట్టేయాల్సిందే.

ప్రశ్న: స్లిట్టింగ్ (కాయిల్‌ని పొడవునా సన్నటి పట్టీలుగా కోయడం) చేశాక అంచున పూత ఉండదు కదా, అక్కణ్నుంచి తుప్పు మొదలవదా?

జవాబు: పలచటి రేకులో భయం లేదు. పక్కనున్న జింకు తానే ముందు కరిగి అంచును కాపాడుతుంది. మందం మిల్లీమీటరున్నర దాటే కొద్దీ బోసి అంచు వెడల్పై ఆ రక్ష బలహీనపడుతుంది. అసలు ముప్పు రాపిడి డిస్కుతో కోయడం. వేడికి అంచు పక్క పూత మాడుతుంది, ఎగిరిన ఇనుప రవ్వలు రేకులో దిగి మర్నాటికి ఎర్రబడతాయి. కత్తెరో, నిబ్లరో వాడండి. డ్రిల్ చేసిన రజను కూడా ఆ పూటే ఊడ్చేయాలి.

ప్రశ్న: జీఐ రేకు వెల్డింగ్ చేసిన రోజు రాత్రి చలిజ్వరం వస్తోంది. స్పాట్ వెల్డింగ్‌లో అయితే రాగి టిప్పులు త్వరగా చెడిపోతున్నాయి.

జవాబు: జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఉక్కు కరగాలంటే 1,500 దరిదాపుల్లో వేడి కావాలి. అంటే మీరు ఉక్కును కరిగించేలోపు జింకు తెల్లటి పొగై లేచిపోతుంది. ఆ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లునొప్పులు వస్తాయి. దీన్ని మెటల్ ఫ్యూమ్ ఫీవర్ అంటారు. మామూలుగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. తగ్గకపోయినా, ఊపిరి అందకపోయినా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. పొగను ముక్కు దాకా రానివ్వకుండా పక్కనుంచే లాగేసే ఫ్యాను, తగిన మాస్కు పెట్టుకోండి. అతుకుకి రెండు పక్కలా అంగుళం మేర పూత గీకేయండి. దీనివల్ల అతుకులో గాలి బుడగలూ తగ్గుతాయి. పని అయ్యాక ఆ జాగా అంతా జింకు ఎక్కువగా ఉండే పెయింటుతో కప్పాలి.

స్పాట్ వెల్డింగ్‌లో జింకు రాగితో కలిసి టిప్పు మొహాన ఇత్తడి కడుతుంది. మొహం పుట్టగొడుగులా పరుచుకుని కరెంటు చెదిరిపోతుంది. సాదా ఉక్కు కంటే ఎక్కువ కరెంటు, ఎక్కువ సమయం పెట్టి, టిప్పుల్ని లెక్కపెట్టిన వెల్డుల తర్వాత తప్పకుండా చెక్కుతూ ఉండాలి. వెల్డులే ఎక్కువున్న పనికి గాల్వనీల్ తీసుకోండి. పూత వేశాక మళ్లీ వేడిచేసి, దాదాపు పదో వంతు ఇనుము జింకులో కలిసేలా చేసిన బూడిద రంగు రేకు అది. రంగూ బాగా పట్టుకుంటుంది. మరీ ముడిచి వంచితే మాత్రం పొడి రాలుతుంది.

ప్రశ్న: జీఐ మీద వేసిన ఎనామెల్ ఏడాదికే పొరలు పొరలుగా ఊడింది.

జవాబు: అది ఆల్కిడ్ రకం అయ్యుంటుంది. అందులోని నూనె జింకుతో కలిసి సబ్బు అవుతుంది, పట్టు జారిపోతుంది. నూనె, పాసివేషన్ పొర తీసేసి, జింకుకు పనికొచ్చే ఎపాక్సీ ప్రైమరు వేశాకే పై రంగు.

ప్రశ్న: డక్టులు (గాలి గొట్టాలు), పర్లిన్లు (కప్పు రేకుల్ని మోసే అడ్డ కమ్మీలు), ప్యానెల్ బోర్డులు, పశువుల షెడ్డు. అన్నిటికీ ఒకే కాయిల్ తెచ్చుకుంటే నష్టమా?

జవాబు: నష్టమే. డక్టులకు లాక్ అతుకులు మడవాలి కాబట్టి డీఎక్స్51డీ లాంటి మెత్తటి గ్రేడు, జెడ్ 275 పూత. పర్లిన్లకు ఎస్350జీడీ కావాలి. ఆ 350 అనేది మెగాపాస్కల్స్‌లో కనీస ఈల్డ్ బలం, అంటే ఉక్కు శాశ్వతంగా వంగడం మొదలయ్యే ఒత్తిడి. దాన్ని లాక్ అతుకులకు పెడితే వంపులో చీలుతుంది, తిరిగి విచ్చుకునే గుణమూ ఎక్కువ. పొడిగా ఉండే గదిలోని ప్యానెల్ బోర్డుకు రంగు వేస్తారు గనక జెడ్ 120 చాలు. ధాన్యం సైలోలకు జెడ్ 350, అంతకుమించిన పూతలు అడుగుతారు, అయితే పూత మందమయ్యే కొద్దీ గట్టి వంపులో అది పెచ్చులూడుతుందని గుర్తుంచుకోండి. నిరంతరం 200 డిగ్రీలు దాటే చోట ఏ జీఐ కూడా వద్దు.

పశువుల షెడ్డు దగ్గర చాలామంది గాల్వల్యూమ్ కొని బాధపడతారు. అందులో 55 శాతం అల్యూమినియం, మిగతాది చాలావరకు జింకు, ఒకటిన్నర శాతం పైచిలుకు సిలికాన్. ఆరుబయట కప్పుకు అది మామూలు జీఐ కంటే ఎక్కువ కాలం ఆగుతుంది, నిజమే. కానీ క్షారం దానికి పడదు. పేడ, మూత్రాల నుంచి లేచే అమ్మోనియా కింది వైపు నుంచి తినేస్తుంది, తడి సిమెంటు తగిలినా అంతే. షెడ్డు కప్పుకు మందపాటి జింకు పూత తీసుకుని, కింది వైపు రంగు వేయించండి. గాలి పైనుంచి పోయేలా మొగురం దగ్గర సందు వదలండి. గోడలోకి దిగే అంచుకు బిటుమెన్ పూయండి. ఆ కప్పు మీదుగా రాగి గొట్టం నీళ్లు మాత్రం కారనివ్వకండి, నీటిలో వచ్చే రవంత రాగి చాలు, పడిన చోటల్లా జింకు పోతుంది.