మూడో రైఫిల్‌గా ఏది తీసుకోవాలి?

ప్రశ్న: నా దగ్గర లైసెన్సు ఉన్న పాత సైనిక రైఫిళ్లు రెండున్నాయి. ఒకటి రష్యన్ మోసిన్–నాగాంట్ 91/30, రెండోది త్రీనాట్‌త్రీ తూటా వాడే నాలుగో నంబరు లీ–ఎన్‌ఫీల్డ్. మూడోదాని కోసం ఏడాదిగా డబ్బు కూడబెడుతున్నాను. రెండో ప్రపంచయుద్ధంలో సోవియట్ సైన్యం చేజిక్కించుకున్న జర్మన్ మౌజర్ కె98కె ఒకటి అమ్మకానికి వచ్చింది. స్నేహితులందరూ దాన్నే తీసుకోమంటున్నారు. స్విట్జర్లాండ్ వారి కె31 మీద కూడా నాకు మనసుంది. అప్పుడప్పుడు రేంజ్‌కి తీసుకువెళ్లి కాల్చాలన్న కోరికా ఉంది. దేన్ని ఎంచుకోమంటారు?

జవాబు: మీ స్నేహితులు చూపిన దారి సరైనదే గాని, చూపిన తుపాకి మాత్రం మీకు తగినది కాదని నా అభిప్రాయం.

ముందుగా మీ దగ్గరున్న రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి తూటాలకూ అడుగున బయటికి పొడుచుకువచ్చిన అంచు ఉంటుంది. ఆ అంచు వల్లనే మోసిన్‌లో పై తూటా కింది తూటాకు తగులుకోకుండా ఆపే చిన్న ఉక్కు పలకను అమర్చవలసి వచ్చింది. లీ–ఎన్‌ఫీల్డ్‌లోనైతే, నింపేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకు ముందుండేలా చూసుకోకపోతే, బోల్టును (తూటాను గొట్టంలోకి తోసి వెనుక మూసే ఉక్కు కడ్డీని) తోసినప్పుడు రెండూ చిక్కుకుపోతాయి. జర్మన్ తుపాకుల రూపకర్త మౌజర్ ఈ బాధనే లేకుండా చేశాడు. అంచు పొడుచుకురాని తూటాలు ఐదు, ఎడమకొకటి కుడికొకటిగా సర్దుకుని, పూర్తిగా చెక్క లోపలే ఇమిడిపోతాయి. పైకి లేచిన తూటాను బోల్టు పక్కనున్న పొడవాటి కొక్కెం అక్కడికక్కడే పట్టుకుని గొట్టంలోకి తీసుకువెళుతుంది. అందువల్ల మీ సేకరణకు మూడోది మౌజర్ కుటుంబం నుంచే రావాలి.

అయితే సోవియట్లకు చిక్కిన ఆ కె98కెని ఎందుకు వద్దంటున్నానో చెప్పాలి. యుద్ధం ముగిశాక అలాంటి రైఫిళ్లను డిపోలలో ఊడదీసి, శుభ్రం చేసి, నల్లరంగు పట్టించి, చేతికందిన భాగాలతో మళ్లీ బిగించారు. ఆ తరువాత బోల్టు మీదా ఇతర భాగాల మీదా రిసీవర్ (బోల్టు కదిలే ఉక్కు చట్రం) నంబరును విద్యుత్ పెన్నుతో గీకారు. కాబట్టి ఒక కర్మాగారపు రిసీవర్‌కు మరో కర్మాగారపు బోల్టు, మూడో చోటి పిడి ఉండడం వాటిలో మామూలే. అదీ చరిత్రే, దాన్ని నేను చిన్నచూపు చూడడం లేదు. కానీ మీ మోసిన్ పిడి మీద ఎర్రగా మెరిసే లక్కపూత ఉంటే, అది కూడా దాదాపుగా అలాంటి డిపో మరమ్మతు నుంచే వచ్చి ఉంటుంది. ఆ అధ్యాయం మీ ఇంట్లో ఇప్పటికే ఉన్నప్పుడు, రెండోసారి అదే అధ్యాయానికి మౌజర్ ధర చెల్లించడం ఎందుకు?

నేను సూచించేది స్వీడన్ వారి ఎం96 మౌజర్. వీటిని మొదట జర్మనీలోని ఓబర్న్‌డార్ఫ్‌లోనూ, స్వీడన్‌లోని కార్ల్ గుస్తాఫ్ కర్మాగారంలోనూ, తరువాత 1940లలో హుస్క్‌వర్నాలోనూ తయారు చేశారు. రెండు ప్రపంచయుద్ధాల్లోనూ స్వీడన్ తటస్థంగా ఉండడం వల్ల వీటిలో చాలావాటికి యుద్ధభూమి దెబ్బలు తగలలేదు, పుట్టినప్పటి భాగాలు చాలావరకు అలాగే నిలిచాయి. రిసీవర్ ముందుభాగం మీద కర్మాగారం పేరు, తయారైన సంవత్సరం ఉంటాయి. చిన్న చిన్న భాగాల మీద కూడా సీరియల్ నంబరు చివరి అంకెలు కొట్టి ఉంటాయి గనుక, కొనేముందు ఓపికగా ఒక్కొక్కటీ పోల్చి చూడండి.

వీటిలో నన్ను ఎప్పుడూ ఆపి నిలబెట్టేది మడమ (పిడిలో భుజానికి ఆనించే చివర) పక్కన మరతో బిగించిన ఇత్తడి బిళ్ల. దాన్ని భాగాలుగా గీసి, గొట్టం లోపలి వ్యాసం ఎంతో, లోపలి స్థితి ఎలా ఉందో సైనిక మరమ్మతుదారు చిన్న గుర్తులతో నమోదు చేసేవాడు. తుపాకి తన ఆరోగ్యపత్రాన్ని తన ఒంటి మీదే మోస్తున్నట్టుంటుంది. అయితే ఒక్క మర తిప్పితే ఊడిపోయే బిళ్ల అది. మరో తుపాకిది తెచ్చి బిగించడం ఎవరికైనా సులువే. అందువల్ల బిళ్లను చదివి సంతోషించండి గాని, బోల్టు తీసి, వెలుతురు కెదురుగా గొట్టంలోకి చూసి, తూటాను తిప్పే గాడుల అంచులు మూతి దాకా పదునుగా ఉన్నాయో లేదో నిర్ధారించుకున్నాకే డబ్బు చెల్లించండి. మూతి దగ్గర గాడులు అరిగిపోతే మిగతా గొట్టం అద్దంలా మెరిసినా గురి కుదరదు.

మీ కాల్చాలన్న కోరికకూ ఇది అనువైనదే. దీని 6.5×55 మి.మీ. తూటాను నేటికీ కొత్తగా తయారు చేస్తున్నారు, భుజానికి తగిలే దెబ్బ మీ రెండింటికంటే తక్కువ. కాకపోతే ఎం96 బోల్టుకు తరువాతి 98 మౌజర్లలో ఉండే మూడో రక్షణ లగ్గు (బోల్టును పట్టి ఉంచే అదనపు ఉక్కు ముక్క) లేదు. నేటి బలమైన రైఫిళ్ల కోసం నింపిన అధిక పీడనపు తూటాలను దీనిలో వాడకండి. మొదటిసారి కాల్చేముందు తుపాకుల నిపుణుడి చేత హెడ్‌స్పేస్‌ను (బోల్టు మూసినప్పుడు తూటా అడుగుకూ బోల్టు ముఖానికీ మధ్య మిగిలే ఖాళీని) గేజితో తప్పక కొలిపించండి. బోల్టు మూసేటప్పుడు చివర్లో స్ప్రింగు ఎదురుతన్నడం గమనిస్తారు. మీ లీ–ఎన్‌ఫీల్డ్ కూడా మూసేటప్పుడే కాక్ అవుతుంది (కాల్చే స్ప్రింగు బిగుసుకుంటుంది), మోసిన్ మాత్రం బోల్టు పిడిని పైకెత్తినప్పుడు. ఈ తేడా చేతికి తెలిసినంతగా చదివితే తెలియదు.

కె31 అద్భుతమైన రైఫిల్. బోల్టును తిప్పనక్కరలేదు, నేరుగా లాగి తోస్తే చాలు. మడమ చివరి ఉక్కు పలక మరలు విప్పితే, దాన్ని మోసిన సైనికుడి పేరు రాసిన చీటీ కొన్నిటిలో ఇప్పటికీ దొరుకుతుంది. కానీ అది తనదైన వేరు దారిలో పుట్టింది. మౌజర్ చేతిలో ఉన్నవారికే దాని గొప్పతనం బాగా బోధపడుతుంది. నాలుగోదిగా తీసుకోండి.

ప్రశ్న: కొత్తగా కొన్న పాత రైఫిల్ పిడి నల్లగా, జిడ్డుగా, గీతలతో ఉంది. గరుకు కాగితంతో రుద్ది వార్నిష్ వేయవచ్చా?

జవాబు: దయచేసి ఆ పని చేయకండి. తనిఖీ ముద్రలు చెక్కలోకి చాలా లోతుగా ఉండవు. నాలుగు సార్లు రుద్దితే అవి పోతాయి, మళ్లీ రావు. కొనేవారు ముందుగా వెతికేవీ అవే. పైనున్న జిడ్డు ఎక్కువగా నిల్వ కోసం పూసిన గ్రీజే కనుక, కిటికీలు తెరిచి, మెత్తటి గుడ్డను టర్పెంటైన్‌లో తడిపి కొద్దికొద్దిగా తుడవండి. లక్కపూత ఉన్న పిడికి స్పిరిట్ తగలనివ్వకండి, పూత కరిగిపోతుంది. పూత లేని చెక్క ఆరాక అవిసె నూనె నాలుగు చుక్కలు అరచేతితో పట్టించి, మిగిలిన తడిని తుడిచేయండి. ఆ నూనెగుడ్డను ఉండచుట్టి మూలన పడేయవద్దు, దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది; నీళ్లలో ముంచి, బయట పరిచి ఆరబెట్టండి.