నాన్నగారి రేడియో క్యాసెట్లు: పాటలకన్నా ముందు మాటలను కాపాడుకోండి

మీ నాన్నగారు కొలంబో నుంచి వచ్చే రేడియో సిలోన్ తెలుగు ప్రసారాలనూ, అందులోనే హిందీ సినిమా పాటల కార్యక్రమమైన బినాకా గీత్‌మాలానూ రికార్డు చేసుకున్న క్యాసెట్లు చిత్తూరులోని మీ ఇంటి అటక మీద దొరికాయనీ, వాటిలోని పాటలను కంప్యూటరులోకి ఎక్కించి భద్రపరచడం ఎలాగనీ అడిగారు. తిరుపతిలో మా మేనమామగారి క్యాసెట్లకు ఇదే పని చేసిన అనుభవంతో జవాబు రాస్తున్నాను. దయచేసి పాటలను విడదీయకండి, కార్యక్రమాన్ని మొత్తంగా భద్రపరచండి.

ఆ పాటల్లో చాలావరకు ఈనాడు ఇంతకన్నా స్పష్టంగా ఎక్కడైనా దొరుకుతాయి. దొరకనిది సిలోన్ తెలుగు వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గారి పలకరింపు, గీత్‌మాలా వ్యాఖ్యాత అమీన్ సయానీ గారు అక్కచెల్లెళ్లను ముందు పెట్టి ‘బహనో ఔర్ భాయియో’ అంటూ మొదలుపెట్టే ఆ గొంతు, ప్రకటనలు, సమయం చెప్పే మాటలు. 1952 ప్రాంతంలో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టడంతో కొలంబో వైపు తిరిగిన శ్రోతలు, 1957 అక్టోబరులో ఆకాశవాణి సినిమా పాటల ప్రసారం వివిధ భారతి మొదలైన తరువాత కూడా బుధవారం సాయంత్రం గీత్‌మాలాను వదులుకోలేదంటే, ఆ కట్టిపడేసిన శక్తిలో సగం వ్యాఖ్యాతదే. అయితే ఇంట్లో రికార్డు చేసుకునేవారిలో చాలామంది టేపు వృథా కాకూడదని, మాట మొదలవగానే పాజ్ నొక్కేవారు. అందువల్ల మాటలు మిగిలిన క్యాసెట్టు అరుదు. మన వైపు ఇళ్లకు టూ ఇన్ వన్‌లు (రేడియో, టేప్ రికార్డరు కలిసిన యంత్రాలు) ఎక్కువగా కువైట్ నుంచి వచ్చినవారి చేతుల మీదుగా చేరాయి కాబట్టి, మీ దగ్గరున్నవి 1970ల చివరివో, 1980లవో అయ్యుండవచ్చు.

మా మేనమామగారు మొదట రెండు క్యాసెట్లను ఒక దుకాణంలో ఇచ్చారు. వాళ్లు మాటలన్నీ కోసేసి, పాటలను మాత్రం శుభ్రం చేసి ఎంపీ3లుగా ఇచ్చారు. ఉపకారమనుకునే చేశారు గాని, మాకు కావలసింది అందులో లేకుండా పోయింది. అసలు క్యాసెట్లు వెనక్కి తెచ్చుకున్నాం కాబట్టి సరిపోయింది. మీరు ఎవరికైనా అప్పగిస్తే, కోతలూ శుభ్రతలూ లేని ఒకే ఫైలు కావాలని ముందే చెప్పి, క్యాసెట్లను తప్పక తిరిగి తీసుకోండి.

ఇంట్లో చేసుకోదలిస్తే, క్యాసెట్టు పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ పలకలను విరిచేయండి, పొరపాటున రికార్డు బటన్ నొక్కినా చెరిగిపోదు. టేపు మీద తెల్లటి బూజు కనిపిస్తే ఆ క్యాసెట్టును అసలు ఆడించకండి, హెడ్డుకు (యంత్రంలో టేపును చదివే భాగానికి) అంటి మిగతావాటికీ పాకుతుంది. టేపును హెడ్డుకు అదిమి పట్టే చిన్న ఫెల్ట్ ముక్క ఊడిపోయి ఉంటే గొంతు దూరం నుంచి వస్తున్నట్టు మందగిస్తుంది. అప్పుడు టేపును అలాగే మరో మంచి క్యాసెట్టు గూట్లోకి మార్చాలి. ఒక్కో క్యాసెట్టు పూర్తయ్యాక హెడ్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో తుడవండి.

ఫలితాన్ని అన్నిటికన్నా ఎక్కువగా మార్చేది హెడ్డు పక్కనుండే చిన్న మర. రికార్డు చేసిన యంత్రం హెడ్డు వంపూ, ఇప్పుడు ఆడించే యంత్రం హెడ్డు వంపూ కలవకపోతే ఎక్కువ పౌనఃపున్యాలు పోయి, వ్యాఖ్యాత గొంతుకు దుప్పటి కప్పినట్టుంటుంది. స్క్రూడ్రైవరుతో ఆ మరను వెంట్రుకవాసి తిప్పుతూ, పాటను కాక మాటను వినండి. ‘స’, ‘శ’, ‘ష’లు విడివిడిగా తేటపడిన చోట ఆపండి. ప్రతి క్యాసెట్టుకూ దీన్ని మళ్లీ సరిచేసుకోవాలి.

డెక్ (క్యాసెట్లు ఆడించే యంత్రం) వెనుక ధ్వని బయటికి వచ్చే లైన్ అవుట్ నుంచి, ఆ ధ్వనిని కంప్యూటరుకు చేర్చే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ద్వారా ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి, 96 కిలోహెర్ట్జ్, 24 బిట్ వేవ్ ఫైలుగా ఎక్కించండి. స్టీరియోలో గంటకు రెండు గిగాబైట్లకు కాస్త పైన పడుతుంది. సిలోన్ ప్రసారాలు వచ్చిన షార్ట్‌వేవ్‌లో గొంతు పెరుగుతూ తగ్గుతూ ఉండడమూ, గరగరా ఆ ప్రసారంలో భాగాలే కనుక అసలు ఫైలులో ముట్టుకోకండి. వినడానికి శుభ్రం చేసిన ప్రతి కావాలంటే వేరుగా చేసుకోవచ్చు.

క్యాసెట్టు అట్ట మీద నాన్నగారి చేతిరాతను ఫోటో తీసి అదే ఫోల్డరులో ఉంచండి. తేదీ రాయకపోయినా ప్రకటనలను బట్టి, కొత్త సినిమా అని చెప్పిన పేరును బట్టి సంవత్సరాన్ని చాలావరకు పట్టుకోవచ్చు. మాటలను కోయవద్దని అంత గట్టిగా చెప్పడానికి ఇదీ ఒక కారణం.

2021 నవంబరు వరదల్లో తిరుపతి లోతట్టు కాలనీల ఇళ్లలోకి నీళ్లు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అందుకే మా ఫైళ్ల ప్రతి ఒకటి వేరే ఊళ్లోని బంధువుల ఇంట్లో ఉంచాం. క్యాసెట్లను మాత్రం అటక మీద ఉంచకండి, వేసవిలో అక్కడి వేడికి అవి పాడవుతాయి. గదిలో, స్పీకర్లకు దూరంగా, నిలువుగా పేర్చండి.

ఇక అందరికీ పంచుకోవడం గురించి: మన కాపీరైట్ చట్టంలో ప్రసార సంస్థ హక్కు 25 ఏళ్లకు తీరుతుంది గాని, పాట రికార్డింగు మీది హక్కు 60 ఏళ్లు ఉంటుంది. కాబట్టి మొత్తం కార్యక్రమాన్ని ఇంట్లో, తెలిసినవారి మధ్య వినండి. బయట పెట్టాలనిపిస్తే వ్యాఖ్యాత మాటలున్న భాగాన్ని మాత్రం ప్రతిలోంచి తీసి పెట్టండి, వెతుకుతున్నవారికి కావలసిందీ అదే.