రిసెప్టర్లు ఎన్ని ఎక్కువైతే అంత మంచి పెప్టైడా?

బరువు తగ్గించే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) మందుల్లో సెమాగ్లుటైడ్‌ది ఒక రిసెప్టర్ (కణం మీద హార్మోన్ సిగ్నల్ అందుకునే ప్రోటీన్), అంటే జీఎల్‌పీ-1 హార్మోన్‌ది, టిర్జెపటైడ్‌వి రెండు, దానికి తోడు జీఐపీది, రెటాట్రుటైడ్‌వి మూడు, గ్లూకగాన్‌ది కూడా, బరువు తగ్గడం కూడా అదే వరసలో ఉంది కాబట్టి లెక్క తేలిపోయినట్టే కదా అని అడిగారు. ల్యాబ్‌లో చేరిన కొత్తలో నేనూ అచ్చం ఇలాగే అనుకున్నా, ఒక ప్లేటు (చిన్న చిన్న గుంటలుండే ప్లాస్టిక్ పలక) నాకు గడ్డి పెట్టేదాకా.

సైక్లిక్ ఏఎంపీ అస్సే చేస్తున్నాం, అంటే రిసెప్టర్ ఎంత యాక్టివేట్ అయిందో కణంలో పుట్టే ఆ అణువుని బట్టి కొలిచే పరీక్ష. సెమాగ్లుటైడ్ ప్లేటు నాది, టిర్జెపటైడ్ ప్లేటు నా పక్క అబ్బాయిది. గ్రాఫ్ గీస్తే జీఎల్‌పీ-1 రిసెప్టర్ మీద సెమాగ్లుటైడ్ ఎక్కడికో వెళ్లిపోయింది, నేను సంబరంగా తీసుకెళ్లి చూపిస్తే మా గైడ్ ఒకటే అడిగారు, ఇద్దరి బఫరూ (పెప్టైడ్‌ని కలిపే ద్రావణం) ఒకటేనా అని. కాదు. అతను అందులో అల్బుమిన్ (రక్తంలో ఉండే ప్రోటీన్) వేశాడు, నేను కేసిన్ (పాలలో ఉండే ప్రోటీన్) వేశాను. ఈ పెప్టైడ్లకి ఉండే ఫ్యాటీ యాసిడ్ తోక అల్బుమిన్‌ని పట్టుకునే ఉంటుంది (వారానికి ఒక ఇంజెక్షన్ సరిపోయేది కూడా దానివల్లే), అందుకని బఫర్‌లో అల్బుమిన్ ఉంటే రిసెప్టర్‌కి అందేది కొంచెమే, పొటెన్సీ (ఎంత తక్కువ మోతాదుకి పనిచేస్తుందన్నది) పడిపోయినట్టు కనిపిస్తుంది. పోనీ ఏ ప్రోటీనూ వద్దనుకుంటే పెప్టైడ్ పోయి ప్లాస్టిక్‌కి అంటుకుంటుంది. రెండు వారాల పని మళ్లీ మొదటినుంచీ.

ఎలుకల దగ్గర ఇంకో తంటా. టిర్జెపటైడ్ మనుషుల జీఐపీ రిసెప్టర్ మీద బాగా పనిచేస్తుంది, ఎలుక రిసెప్టర్ మీద చాలా వీక్. మామూలు ఎలుకల్లో చేసి జీఐపీ వల్ల ఒరిగిందేం లేదు అని రాసేస్తే తప్పు పెప్టైడ్‌ది కాదు, మనదే.

ట్రయల్స్ అంకెలూ అంతే. స్టెప్ 1 అనే ట్రయల్‌లో సెమాగ్లుటైడ్‌కి 68 వారాల్లో 14.9 శాతం బరువు తగ్గారు, రెటాట్రుటైడ్ ఫేజ్ 2లో 12 మిల్లీగ్రాముల డోసుకి 48 వారాల్లో 24.2 శాతం. మనుషులు వేరు, వ్యవధి వేరు, రెండోదాంట్లో మొత్తం చేరిందే 338 మంది. నేను గట్టిగా నమ్మేది సర్‌మౌంట్-5 లాంటిది, రెండు మందుల్నీ ఒకే ట్రయల్‌లో పెట్టారు, 72 వారాలకి టిర్జెపటైడ్ 20.2, సెమాగ్లుటైడ్ 13.7 శాతం.

రిసెప్టర్లు లెక్కపెట్టడం ఎందుకు దండగో చెప్పడానికి నేనెప్పుడూ మారిటైడ్ అనే ఇంకో బరువు తగ్గించే మందు పేరే ఎత్తుతా, అది జీఐపీ రిసెప్టర్‌ని బ్లాక్ చేస్తుంది, టిర్జెపటైడ్ అదే రిసెప్టర్‌ని యాక్టివేట్ చేస్తుంది, రెండింటితోనూ బరువు తగ్గుతోంది! గ్లూకగాన్ సంగతి వేరే, లివర్‌లో కొవ్వు బాగా తగ్గడం వెనక దాని చెయ్యి ఉందంటారు, కానీ రెటాట్రుటైడ్‌తో గుండె వేగం కూడా పెరిగింది, దాన్నీ పక్కనే రాయాలి.

ఇప్పుడైతే మూడు పెప్టైడ్లతో పాటు ఒంట్లో పుట్టే మామూలు జీఎల్‌పీ-1, జీఐపీ, గ్లూకగాన్ హార్మోన్లని కూడా అదే రోజు అదే బఫర్‌లో పెడుతున్నా, వాటితో పోల్చిన నిష్పత్తే రాస్తున్నా. అన్నట్టు రీసెర్చ్‌కి మాత్రమే అని రాసున్న వయల్స్ ప్లేట్ల కోసమే, ఒంట్లోకి ఎక్కించుకునే ఆలోచన ఏమన్నా ఉంటే మానేయండి.