రిస్టోర్ కొట్టాక మూడు వారాల లెక్కలు మాయం

ప్రశ్న: మాది చెన్నై గోడౌన్ స్ట్రీట్‌లో హోల్‌సేల్ బట్టల కొట్టు. లెక్కలన్నీ టాలీ సాఫ్ట్‌వేర్‌లోనే. మా గుమాస్తా ఊరెళ్లినప్పుడు, ఏదో బిల్లు కనబడటం లేదని మా అబ్బాయి సొరుగులో ఉన్న పెన్‌డ్రైవ్ పెట్టి రిస్టోర్ కొట్టాడు. అది మూడు వారాల కిందటి బ్యాకప్ అట. ఆ తర్వాత రాసినవేవీ ఇప్పుడు లేవు. 11వ తేదీలోగా జీఎస్‌టీఆర్-1 (అమ్మకాల రిటర్న్) వేయాలి. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. పోయినవి తిరిగి వస్తాయా?
– ఒక పాఠకుడు, చెన్నై

జవాబు: ముందు ఆ కంప్యూటర్‌లో కొత్త ఎంట్రీలు ఆపేయండి. రెండు రోజులు బిల్లులు చేత్తో రాసుకోండి. ఎర్ర అట్ట చిట్టాల మీద నడిచిన వీధే కదా అది.

రిస్టోర్ అంటే కనబడని బిల్లు ఒక్కటి తెచ్చిపెడుతుందని మీ అబ్బాయి అనుకుని ఉంటాడు. చాలామంది అలాగే అనుకుంటారు, అతన్ని తిట్టకండి. టాలీ అలా కలపదు. ఒక్కో కంపెనీకి 10000 అనో 10001 అనో అంకెల పేరుతో ఒక ఫోల్డర్ ఉంటుంది. రిస్టోర్ చేసే చోట అదే నంబరు ఫోల్డర్ ఉంటే, దాని మీదే పాతది రాసేస్తుంది.

ఇప్పుడు గుమాస్తాకు ఫోన్ చేయండి. రోజువారీ బ్యాకప్ తీసే పెన్‌డ్రైవ్ వేరే ఒకటి ఆయన దగ్గరే ఉండొచ్చు. అది దొరికినా వెంటనే రిస్టోర్ కొట్టొద్దు. మొదట ఇప్పుడున్న డేటా ఫోల్డర్‌ను ఉన్నదున్నట్టు బయటి హార్డ్‌డిస్క్‌లోకి కాపీ చేయండి. తర్వాత వేరే కంప్యూటర్‌లో ఖాళీ ఫోల్డర్ ఒకటి పెట్టి, రిస్టోర్‌లో డెస్టినేషన్ దగ్గర దాని దారి ఇవ్వండి. టాలీ ప్రైమ్‌లో ఆల్ట్, వై కలిపి నొక్కితే రిస్టోర్ ఉండే మెనూ వస్తుంది. కంపెనీ తెరుచుకోగానే సంతోషపడిపోకండి. డే బుక్‌లో (రోజువారీ ఎంట్రీల జాబితాలో) చివరి తేదీ చూడండి, చివరి ఇన్‌వాయిస్ నంబరును బిల్లు పుస్తకంతో, బ్యాంకు నిల్వను స్టేట్‌మెంట్‌తో సరిచూడండి. ఈ మూడూ కుదిరితేనే దాన్ని అసలు చోటికి తేవాలి.

వేరే బ్యాకప్ లేకపోతే తిరిగి రాయడమే. అమ్మకాలు బిల్లు కాపీల్లో, ఈ-వే బిల్లు పోర్టల్‌లో ఉంటాయి. టర్నోవర్ 5 కోట్లు దాటితే ఈ-ఇన్‌వాయిస్‌లు కూడా ఉంటాయి. జీఎస్‌టీఆర్-1కు కావలసింది ఈ అమ్మకాలే కాబట్టి ముందు అవి పూర్తి చేయండి. కొనుగోళ్లకు జీఎస్‌టీఆర్-2బి (మీకు సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా) ఉంది కానీ, అది 14న గానీ రాదు. చేతికి ఇచ్చిన నగదు, హమాలీ కూలీ, టీ ఖర్చులు మాత్రం ఏ పోర్టల్‌లోనూ దొరకవు. వోచర్లు వెతుక్కోవాల్సిందే.

నా అనుభవం కూడా చెబుతాను. 2015 డిసెంబరు వరదల్లో సైదాపేటలో నేను లెక్కలు చూసే ఒక కొట్లోకి నీళ్లొచ్చాయి. ప్రతి సాయంత్రం బ్యాకప్ తీయించేదాన్ని. ఆ పెన్‌డ్రైవ్ మాత్రం సీపీయూకే గుచ్చి ఉంది! రెండూ కలిసే బురదలో మునిగాయి. తప్పు నాదే, ఎక్కడ పెడుతున్నారని ఒక్కసారీ అడగలేదు. అప్పటినుంచి రెండు పెన్‌డ్రైవ్‌లు వాడిస్తాను. ఒకటి కొట్లో, ఒకటి యజమాని ఇంట్లో. శనివారం మార్చుకోవాలి. నెలకోసారి ఒకటి వేరే ఫోల్డర్‌లో రిస్టోర్ చేసి చూపించమంటాను. విసుక్కుంటారు, అయినా చేయిస్తాను.

ఫోన్‌లో గుమాస్తాను ఇంకొకటి కూడా అడగండి: కంపెనీ డేటాకు తాళం వేసే టాలీవాల్ట్ పాస్‌వర్డ్ పెట్టాడా అని. పెట్టి మరిచిపోతే బ్యాకప్ చేతిలో ఉన్నా కంపెనీ తెరుచుకోదు, టాలీ వాళ్లు కూడా తీసివ్వలేరు.