చెస్ పీరియడ్ మొదలుపెట్టబోతున్న మా అమ్మాయికి

అమ్మాయీ, ఆశీస్సులు.

మీ వ్యాసర్‌పాడి కార్పొరేషన్ బడిలో చెస్ నేర్పే పని నీకే అప్పగించారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. సంతోషం. పెద్ద ఆటగత్తెవి కాదని టెన్షన్ పడకు. నీ క్లాసుకి కావలసిన ఆట నీకు వచ్చు.

ముందుగా ఒక్కటి. పేరెంట్స్ మీటింగులో "చెస్ ఆడితే లెక్కల్లో మార్కులు పెరుగుతాయి" అని మాట ఇవ్వకు. ఇంగ్లండ్‌లో 100 బడుల్ని తీసుకుని, కొన్నిటిలో 30 గంటల పాఠాలు చెప్పించారు. ఏడాది తర్వాత పరీక్ష పెడితే, నేర్చుకున్నవాళ్ళకీ నేర్చుకోనివాళ్ళకీ లెక్కల్లో తేడా తేలలేదు. 2016లో ఆ నివేదిక వచ్చింది. ఆర్మేనియాలో 2011 నుంచి చెస్ తప్పనిసరి పాఠమే. మన తమిళనాడులో కూడా 2013లో 7 నుంచి 17 ఏళ్ళ పిల్లల కోసం బడుల్లో పథకం పెట్టారు. ఇక గుకేశ్ 18 ఏళ్ళకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాక, చెన్నైలో ప్రతి ఇంట్లోనూ ఆశే. ఆ ఆశని నువ్వు ఇంకా పెంచక్కర్లేదు.

మరి ఎందుకు నేర్పడం అంటావా? ఎదుటివాడు ఏమనుకుంటున్నాడో ఆలోచించే అలవాటు కోసం. నన్నడిగితే, మిగతా లాభాలన్నీ దీని తర్వాతే.

మొదటి వారంలోనే యూట్యూబ్ చూసి వచ్చిన వాడొకడు నాలుగు ఎత్తుల్లో అందరినీ ఓడించేస్తాడు, చూస్తూ ఉండు. శకటుని సి4 గడికి, మంత్రిని హెచ్5 గడికి తెచ్చి, ఎదుటి రాజు పక్కనుండే ఎఫ్7 గడిలోని బంటు మీద పడతాడు. ఓడిన పిల్లలు ఏడుపు మొహాలతో నీ దగ్గరికొస్తారు. నువ్వు వెంటనే విరుగుడు చెప్పేయకు. బల్ల మీద మళ్ళీ అదే స్థితి పెట్టించి, "మంత్రి అక్కడికి ఎందుకొచ్చింది?" అని అడిగి ఊరుకో. కాసేపటికి ఎవరో ఒకరు ఎఫ్7 మీద వేలు పెడతారు. ఇంకొకరు జి బంటుని ఒక గడి జరుపుతారు. దాంతో దారి మూసుకుపోయి, మంత్రి తానే పారిపోవాల్సి వస్తుంది. అప్పుడా పిల్లల మొహాలు చూడాలి!

పావులన్నీ ఒకేరోజు పరిచేయకు. మొదట బంట్లతోనే ఆడించు, ముందు అవతలి గట్టుకి చేరినవాళ్ళదే గెలుపు. ఆ తర్వాత గుర్రం, ఏనుగు ఒక్కొక్కటీ చేర్చు. ముట్టుకున్న పావునే కదపాలన్న నియమం మాత్రం తొలిరోజు నుంచే గట్టిగా పెట్టు, దానికి మినహాయింపు లేదు. బోర్డులు చాలకపోతే ఇద్దరికిద్దరు చొప్పున కూర్చోబెట్టు. జోడీలో ఉన్నవాళ్ళు ఎత్తు వేసేముందు చెవులు కొరుక్కోవాలిగా, ఆ గుసగుసల్లోనే సగం చదువు ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం మాట్లాడే మన పిల్లలు తెలుగు మీడియం తమిళ మీడియం అని చూడకుండా కలిసేదీ అక్కడే. కనబడకుండా పోయిన బంట్లకి బదులు సోడా మూతలు పెట్టుకోండి, పరవాలేదు.

ప్రతి ఒక్కరూ తమ ఎత్తుల్ని నోటుబుక్కులో రాయాలి. గళ్ళకి అక్షరం, అంకె ఉంటాయి కాబట్టి, ముందుముందు గ్రాఫు పాఠంలో ఇలాంటివే కనిపిస్తాయి. ఆట అయ్యాక గెలిచినవాళ్ళూ ఓడినవాళ్ళూ కలిసి ఆ పుస్తకం చూసి, ఎక్కడ దారి తప్పారో వెతకాలి. ఈ పదిహేను నిమిషాలు ఎగ్గొట్టి ఇంకో ఆట ఆడేస్తామంటారు. ఒప్పుకోకు.

హెడ్‌మాస్టరుగారు పోటీలకి పంపడానికి బాగా ఆడేవాళ్ళనే ఏరమంటారు. పంపు, తప్పులేదు. కానీ పీరియడ్ మాత్రం అందరిదీ, ముఖ్యంగా వెనక బెంచీలో ముడుచుకు కూర్చునే ఆడపిల్లలది. వాళ్ళని ముందు వాళ్ళలో వాళ్ళనే ఆడనివ్వు, ఆ తర్వాత మగపిల్లలతో కలుపు.

నా దగ్గర నాలుగు రెక్సిన్ బోర్డులున్నాయి. ఆదివారం పెరంబూరు వచ్చి పట్టుకెళ్ళు, మీ అత్తయ్య గారెలు చేస్తానంది.

నీ మామయ్య